తిన్నగా తవ్వండి

తెల్లారి చాలాసేపైనా ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

కాంతమ్మ వంటింటి గోడకు ఆనుకుని కూర్చుంది. రాత్రి వండిన అన్నం మూత కూడా తియ్యకుండా అట్లాగే ఉంది. అంబిక వచ్చి అగ్గిపెట్టె కోసం చెయ్యి చాపగానే, అత్త దాన్ని తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"ఆ మనిషి తినకుండా కూర్చోనుంటే ఈ ఇంట్లో పొయ్యి ఏమిటికి ముట్టించాల?"

"కాఫీ అన్నా కాచిస్తా అత్తా. రాత్రి నుంచి మామ పచ్చినీళ్లు కూడా ముట్టలే."

"నువ్విస్తే తాగుతాడా?"

 మొన్నటి నుంచి మామ ఆమె మొహం వైపు చూడలేదు.

వీధి వైపు నూలు కొట్టు, వెనక ఇల్లు. కొట్టు ముందర నల్లరాతి అరుగు. ఆ అరుగు మీద పేము కుర్చీ వేసుకుని మామ చెంగల్రాయలు నిన్న సాయంత్రం నుంచి కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఉతికిన పంచె, భుజాన తుండు, మోకాళ్ల మీద అడ్డంగా చేతికర్ర. ఎదురుగా వీధిలో సున్నంతో గీసిన గీత ఒకటి నేరుగా వచ్చి ఆ అరుగు కిందికి దూరింది. వాననీటి కాలువ కోసం గుడియాత్తం మునిసిపాలిటీ వాళ్ల యంత్రం ఈరోజు ఆ గీత వెంబడే తవ్వుకుంటూ రావాలి.

అంబిక చేతిలో ఫోను మోగింది. "కౌన్సిలరక్కా, మా వీధికి చెత్తబండి రాలేదక్కా."

"చెప్తానమ్మా. ఈ పొద్దే వస్తాది," అంది అంబిక. గొంతు మామూలుగానే వచ్చింది. ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

నడింట్లో ఆమె మొగుడు హేమనాథ్ అంగీ గుండీలు పెట్టుకుంటున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంజనీరుకు ఫోన్ చేసినావా?"

"లేదు."

"ఏమిటికి చెయ్యలే?"

"చేసి ఏమి చెప్పాల?"

"నీకు తెల్దా? మొన్న సభలో ఏదో ఆవేశంలో అనేసినా, ముందు అనుకున్నట్టే వంచి తీసుకోండి అని చెప్పు. అంతే. ఒక్క మాట."

"ఆవేశంలో అన్లేదండి."

"మరి ఎవరు అనిపించినారు నీచేత? ఆ తంగమ్మా?"

"ఎవరూ అనిపించలే. అదే కదా మీ కోపం."

హేమనాథ్ చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది.

నిజమే. ఆ వార్డు ఆడవాళ్లకు కేటాయించినప్పుడు కోడలిని నిలబెడదామన్నది చెంగల్రాయలే. "మా అంబికకు నోట్లో నాలుక లేదు, అందరికీ సరిపోతాది," అని నలుగురిలో నవ్వుతూ చెప్పాడు. గెలిచింది అంబిక. కౌన్సిలరని జనం పిలిచింది హేమనాథ్‌ని. వీధి దీపాలకూ, కుళాయి నీళ్లకూ, జనన మరణ పత్రాలకూ ఎవరొచ్చినా అతనే మాట్లాడేవాడు. సంతకం అవసరమైనప్పుడు లోపలి నుంచి అంబిక వచ్చేది, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ.

పోయిన ఏడాది వానలకు మగ్గాల వీధి మునిగింది. హేమనాథ్ ఊళ్లో లేడు. ఆ వీధిలో ఉండే తంగమ్మ వచ్చి, "సార్ లేకపోతే నువ్వే రా తల్లీ," అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మగ్గం కింద మనిషి కాళ్లు పెట్టుకుని కూర్చునే గుంత ఉంటుంది. ఆ గుంత నిండా మురికినీళ్లు. సగం నేసిన లుంగీ ఆ నీళ్లలో తేలుతోంది. తంగమ్మ మొగుడు గట్టున కూర్చుని ఆ గుంతలోకే చూస్తున్నాడు. ఏడవడం లేదు, తిట్టడం లేదు. ఆ చూపు అంబికను నిద్రపోనివ్వలేదు.

ఆ తర్వాత సంతకాలకు మాత్రమే బయటికి రావడం ఆమె మానేసింది.

కాలువ మంజూరైంది. తిన్నగా వెళితే వీధి నీళ్లన్నీ ఊరి బయటికి పోతాయి. కానీ తిన్నగా వెళ్లాలంటే చెంగల్రాయలు కొట్టు అరుగు పోవాలి. హేమనాథ్ కాంట్రాక్టరుతో మాట్లాడుకున్నాడు. గీత అరుగు ముందు మెలిక తిరిగి, రోడ్డు దాటి, మగ్గాల వీధి మొగలో మళ్లీ మలుపు తిరిగింది. వేగంగా వచ్చే నీళ్లు ఆ మలుపు దగ్గర గట్టు దాటి నేరుగా ఎక్కడికి దూకుతాయో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు.

మొన్న మునిసిపల్ సభలో అంబిక లేచి నిలబడింది. "గీత తిన్నగానే పోవాల. మా ఇంటి అరుగు పోయినా సరే," అంది. తీర్మానమైంది. ఇంజనీరు బాలచంద్రన్ ఆ సాయంత్రమే వచ్చి మెలికను చెరిపి, కొత్తగా గీత గీయించి వెళ్లాడు.

"మా నాయన నిన్ను కూతురి మాదిరి చూసుకున్నాడు," అన్నాడు హేమనాథ్ ఇప్పుడు, నెమ్మదిగా. అరిచినా బాగుండేది.

"నేను కాదన్నానా?"

"మరి ఆ అరుగు మీద నుంచి ఆయన్ని లేపేదానికి నీకు చేతులెట్ల వస్తాయి?"

వీధిలో జేసీబీ చప్పుడు వినిపించింది. ఇద్దరూ ఆ మాట అక్కడే వదిలేసి బయటికి నడిచారు.

* * *

యంత్రం అరుగుకు కొంచెం దూరంలో ఆగింది. బాలచంద్రన్ దిగి, చెప్పులు విడిచి మరీ అరుగెక్కాడు.

"అయ్యా, కొంజం ఎళుందిరుంగ," అని తమిళంలో బతిమాలాడు.

"లేవనప్పా," అన్నాడు చెంగల్రాయలు తెలుగులోనే. "నీ పని నువ్వు చేసుకో. తవ్వు. నాతో చేర్చి తవ్వు."

వీధి కొసన మగ్గాల వీధి వాళ్లు గుమిగూడారు. ముందుకూ రావడం లేదు, వెనక్కూ పోవడం లేదు. తరాలుగా నూలు తీసుకుంటున్న కొట్టు అది. ఆ కొట్టు పెద్దాయనకు ఎదురు నిలబడడం వాళ్లకు అలవాటు లేదు.

అంబిక వెళ్లి కుర్చీ పక్కన కింద కూర్చుంది.

"మామా, లోపలికి రండి. రెండు ముద్దలు తిందురు. తిని మళ్లీ వచ్చి కూర్చోండి. నేను వద్దననులే."

ఆయన ఆమెతో మాట్లాడలేదు. వీధితో మాట్లాడాడు.

"మా నాయన ఈ అరుగు మీద గుడ్డ పరిచి నూలు అమ్మినాడు. అప్పుడు వెనక గోడ కూడా లే. ముందు అరుగు, ఆ తర్వాత కొట్టు, ఆ తర్వాతే ఇల్లు. ఈ పొద్దు వచ్చి ఇది పొరంబోకు అంటారు. కాలవ జాగా అంటారు. ఇన్నేండ్లు ఎవరికీ అడ్డం కాలే. ఈ పొద్దు నా ఇంటి కోడలికే అడ్డమయినాదంట!"

గుంపులోంచి తంగమ్మ కదిలింది. నడివయసు మనిషి, మోచేతుల దాకా రంగు మరకలు. అరుగు కింద నిలబడి రెండు చేతులూ జోడించింది. ఆమెది తమిళం. చెంగల్రాయలుతో మాత్రం ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడుతుంది.

"అయ్యా, మీ కొట్టులో తీసుకున్న నూలే అయ్యా మా గుంతలో బురద అయ్యింది. మీ మీద కోపం లేదు. ఇంకొక వాన అట్ల వస్తే మా ఆయన మళ్లీ మగ్గం ఎక్కడు. అంతే చెప్పేది."

చెంగల్రాయలు ఆమె వైపు చూశాడు. ఏదో జవాబు చెప్పాలనే లేచాడు. కర్ర ఊనుకుని రెండడుగులు వేశాడు. పెదవులు కదిలాయి, మాట ముద్దగా వచ్చింది. పొద్దున్నే చల్లటి గాలి వీస్తున్నా నుదురంతా చెమట.

"మామా..." అంబిక లేచేలోగానే ఆయన కర్ర జారింది. ఆయన అరుగు మీద నుంచి పక్కకు ఒరిగి, రోడ్డు మీద సున్నం గీతకు అడ్డంగా పడిపోయాడు.

"నాయనా!" హేమనాథ్ కిందికి దూకాడు.

నుదురు చిట్లి రక్తం కారుతోంది. అంబిక ఆయన తల ఒళ్లోకి తీసుకుని, "అత్తా! మామ సుగరు మాత్ర వేసుకున్నాడా?" అని లోపలికి కేక వేసింది.

గుమ్మంలోకి వచ్చిన కాంతమ్మ మొహం పాలిపోయింది.  మళ్లీ అడిగితే, దిగి వచ్చి, చెవి దగ్గర వంగి, అంబికకు తప్ప ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"నేనే ఇచ్చినా. మాత్ర మింగితే ఆకలికి తాళలేక లేచొచ్చి తింటాడనుకున్నా."

* * *

గుడియాత్తం ఆసుపత్రిలో సుగరు ఎక్కించారు. కళ్లు తెరిచాడు గానీ, తలకు దెబ్బ కాబట్టి వేలూరు తీసుకుపొమ్మన్నారు. కాంతమ్మను ఇంట్లో ఉండమని, మొగుడూ పెళ్లాలు ఇద్దరూ ఆంబులెన్సులో ఎక్కారు. దారి పొడుగునా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరి మధ్యా ఆయన పడుకుని ఉన్నాడు.

వేలూరు పెద్దాసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాక, హేమనాథ్ గోడతో చెప్పినట్టు అన్నాడు.

"ఏమన్నా అయితే ఊళ్లో ఏమనుకుంటారో తెలుసా? కోడలే చంపిందంటారు."

"ఊళ్లో వాళ్లు అంటారా, మీరు అంటారా?"

 ఎదురుగా ఒక ముసలమ్మ స్టీలు డబ్బా మూత రాక కుస్తీ పడుతోంది. హేమనాథ్ లేచి వెళ్లి మూత తీసిచ్చి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. అట్లాంటి మనిషే అతను. ఎవరి కష్టమైనా చూడలేడు. తన అరుగు వల్ల వచ్చిన కష్టం తప్ప. అయినా ఆ మంచితనం తలుచుకుంటే అంబికకు అతని మీద కోపం నిలవలేదు.

డాక్టరు బయటికి వచ్చాడు. తల లోపల దెబ్బేమీ లేదని, సుగరు మళ్లీ పడిపోకుండా రేపటిదాకా ఉంచుకుంటామని చెప్పాడు. "పెద్దాయన మనసుకు కష్టం తగిలే మాటలు ఇప్పుడు వద్దు," అని కూడా అన్నాడు.

హేమనాథ్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. అంబిక అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను తోసెయ్యలేదు. ఆ కాసేపు వాళ్లిద్దరి మధ్య కాలువ లేదు, సభ లేదు.

అప్పుడే ఫోను మోగింది. బాలచంద్రన్.

"మేడం, పెద్దాయన ఎట్లుండారు?... దేవుడి దయ. మేడం, ఈ టైములో అడగకూడదు. ఆలంగాయం వైపు నల్లగా ముసురుకుంటా ఉండాది. కాలవ రెండు వైపులా మీ అరుగు దాకా వచ్చి ఆగింది. ఇప్పుడు వాన పడితే పై నీళ్లన్నీ మీ ఇంటి దగ్గర ఆగి, మగ్గాల వీధిలోకే తిరుగుతాయి. కాంట్రాక్టరేమో సాయంత్రం మిషను వేరే ఊరికి తోలేస్తానంటా ఉండాడు. తీర్మానం ఉండాది, తవ్వొచ్చు. కానీ ఇంటి పెద్ద ఆసుపత్రిలో ఉంటే నాకు చెయ్యి రాలే. మీరు ఒక మాట చెప్పాల."

"కొంచెం ఉండండి సార్," అని అంబిక ఫోను పెట్టేసింది.

హేమనాథ్ తల ఎత్తాడు. అడగకపోయినా అతనికి అర్థమైంది.

"వద్దని చెప్పు," అన్నాడు. "అంబికా, ఈ ఒక్కసారి. నీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా."

"మామను చూసొస్తా," అంది అంబిక.

చెంగల్రాయలు నుదుటికి కట్టుతో పడుకుని ఉన్నాడు. కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చునే మనిషి, ఆ మంచం మీద ఇంత చిన్నగా ఉంటాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆమె దగ్గరికి రాగానే ఆయన కళ్లు తిప్పుకోలేదు.

"అంబికా."

మొన్నటి నుంచి ఆయన నోట తన పేరు వినడం ఇదే.

"చెప్పండి మామా."

"మిషను పోయినాదా?"

"లేదు. అక్కడే నిలబెట్టినారు."

"నా కోసరమా?"

"మీ కోసరమే."

ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"నేను వచ్చేదాకా ఆపు. నేను లేనప్పుడు దొంగల మాదిరి పగలగొట్టొద్దు. నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదమ్మా. ఇదొక్కటి."

 అది అన్యాయమైన కోరిక కాదు. తండ్రి కాలం నాటి రాళ్లు, తన కళ్ల ముందు పోవాలని అడుగుతున్నాడు. 'సరే మామా' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో తంగమ్మ మొగుడు గట్టున కూర్చుని గుంతలోకి చూసిన చూపు గుర్తొచ్చింది.

"మీరు వచ్చినాక... మీరే దగ్గరుండి తీయిస్తారా మామా?"

ఆయన మాట్లాడలేదు.

"ఒక్క మాట చెప్పండి. వచ్చినాక తీయిస్తానని. చెప్తే ఇప్పుడే ఆపించేస్తా. వాన వచ్చినా, ఆ వీధోళ్లందరూ నన్ను తిట్టినా పడతా. మీ మాట చాలు నాకు."

పక్క మంచం దగ్గర ఎవరో గ్లాసులో నీళ్లు ఒంపుతున్నారు. ఆ చప్పుడు ఆగిపోయింది. ఆయన ఇంకా మాట్లాడలేదు.

ఊ అంటే చాలు. ఆమె నమ్మేది, కాలువ ఆగేది. ఇంటికి వచ్చాక మళ్లీ కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. కానీ ముతక నూలును సన్న నూలని ఒక్కరోజు కూడా అమ్మని మనిషి ఆయన. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలుసు గనకే అడిగింది. ఆమె ఎందుకు అడిగిందో ఆయనకూ తెలుసు.

చెంగల్రాయలు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"పో," అన్నాడు.

* * *

వరండా చివర, లిఫ్టు పక్కన నిలబడి అంబిక ఫోను చేసింది.  

"సార్, తిన్నగా తవ్వండి."

"మేడం, బాగా ఆలోచించి..."

"ఆలోచించే చెప్తా ఉండా. నా ఇంటి ముందర తవ్వమని నేను కాకుండా ఇంకెవరు చెప్తారు? లోపల మా అత్త ఒక్కతే ఉండాది. ముందర ఆమెకు మర్యాదగా చెప్పండి. ముందరి నూలు మూటలు లోపలికి తీసుకునేదాకా ఆగండి. గోడ మీద దెబ్బ పడకూడదు."

ఫోను పెట్టి వెనక్కి తిరిగింది. హేమనాథ్ నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు కాఫీ కప్పులు. ఒకటి ఆమె కోసం తెచ్చాడు.

అతను అరవలేదు. ఒక కప్పు కిటికీ గట్టు మీద పెట్టాడు. రెండోది కూడా దాని పక్కనే పెట్టాడు. తండ్రి ఉన్న గదిలోకి వెళ్లిపోయాడు.

అంబిక అక్కడే నిలబడింది. కాఫీ మీద మీగడ కట్టింది.

అతను తిరిగి వచ్చేసరికి మొహంలో ఏ భావమూ లేదు.

"ఇడ్లీ తినిపించినా. తిన్నాడు."

"చెప్పినారా?"

"అడిగినాడు. అబద్ధం చెప్పలేకపోయినా." గోడకు ఆనుకున్నాడు. "నువ్వు ఆ ఇంట్లో ఉండేంతవరకూ రాడంట. రేపు ఇట్నుంచి ఇట్లే బాగాయం తీసుకుపొమ్మన్నాడు, హేమశ్రీ ఇంటికి."

బాగాయంలో ఉన్న హేమశ్రీ అతని చెల్లెలు. తండ్రి మాటకు ఎన్నడూ అడ్డు చెప్పని పిల్ల.

"మరి మీరు?"

హేమనాథ్ ఆమె వైపు చాలాసేపు చూశాడు. అందులో కోపం ఉంటే ఆమె తట్టుకునేది.

"నేను ఆయన కొడుకుని," అన్నాడు. బెంచీ మీద కూర్చుని, ఆమె కూర్చోవడానికి జాగా లేకుండా తండ్రి బట్టల సంచీ పక్కన పెట్టుకున్నాడు.

* * *

గుడియాత్తం బస్సు ఎక్కేసరికి వాన మొదలైంది. కిటికీ అద్దం సరిగా మూసుకోక చీర భుజమంతా తడిసింది. ఫోను మోగుతూనే ఉంది.

"అక్కా, మా సందులో లైటు పోయింది."

"స్తంభం మీద నంబరు ఉంటాది, చూసి చెప్పండి. ఎవరూ ముట్టుకోవద్దు."

"మేడం, కుళాయిలో నీళ్లు ఎర్రగా వస్తా ఉండాయి."

"పట్టుకోవద్దమ్మా. ట్యాంకరు పంపమంటా."

ఒక్కో ఫోనుకూ జవాబు చెబుతోంది. రెండు ఫోన్ల మధ్య కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. హేమనాథ్ నుంచి మాత్రం ఫోను రాలేదు.

ఆమె వీధిలో అడుగు పెట్టేటప్పటికి పొద్దు గూకుతోంది. వాన ఇంకా పడుతోంది. ముందుగా ఆమె కళ్లు మగ్గాల వీధి మొగ వైపు పోయాయి. రోడ్డు తడిగా ఉంది, అంతే. నీళ్లు నిలబడలేదు. లోపల ఎక్కడో ఒక మగ్గం చప్పుడు చేస్తోంది. వాన పడుతుండగా ఆ వీధిలో మగ్గం ఆడడం ఆమె వినడం ఇదే మొదటిసారి.

తంగమ్మ గొడుగు పట్టుకుని ఎదురొచ్చింది. సంతోషపడాలో వద్దో తెలియని మొహం.

"అయ్యా ఎట్లుండారు తల్లీ?"

"బాగుండాడు."

"మా మీద కోపంగా ఉండాడా?"

"మీ మీద కాదులే తంగమ్మా."

తంగమ్మ గొడుగు ఆమె తలమీదికి జరిపింది. ఇద్దరూ కొంచెం దూరం నడిచారు.

"మీ అత్త ఒక్క మాట అనలేదు," అంది తంగమ్మ. "ఇంజనీరు చెప్తే విన్నాది. నూలు మూటలన్నీ తానే లోపలికి ఈడ్చుకున్నాది. మేము సాయం వస్తామంటే వద్దన్నాది. తవ్వేంతసేపూ గుమ్మంలో నిలబడే ఉన్నాది. మేము ఆ పక్క చూడలేకపోయినాము."

ఇల్లు కనపడేచోట తంగమ్మ ఆగిపోయింది. గొడుగు ఇవ్వబోతే అంబిక వద్దంది.

అరుగు లేదు.

అరుగు ఉన్నచోట లోతుగా కాలువ. అందులో పై వీధుల నీళ్లన్నీ కలిసి, ఎక్కడా ఆగకుండా, తిన్నగా పరుగెత్తుతున్నాయి. ఇవతల రోడ్డు. అవతల కొట్టు గుమ్మం. మెట్లు లేక ఆ గుమ్మం ఎత్తున, గాలిలో వేలాడుతున్నట్టు ఉంది. ఆ ఇంటికి పెరటి దారి లేదు. పేము కుర్చీని ఎవరో రోడ్డు పక్కన పెట్టారు, అది వానలో నానుతోంది.

గుమ్మంలో కాంతమ్మ నిలబడి ఉంది. చీరంతా నూలుపోగులు, దుమ్ము. నూలు మూటలు పేర్చే పొడుగాటి చెక్క పలక ఒకటి ఆమె చేతుల్లో ఉంది. దాని కొస గడప మీద ఆనించి పట్టుకుంది.

"ఎట్లుండాడు?" నీళ్ల హోరు మీదుగా అడిగింది.

"బాగుండాడు అత్తా. తల లోపల దెబ్బేమీ లేదన్నారు. ఇడ్లీ కూడా తిన్నాడు."

కాంతమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. 

"మాత్ర నేనిచ్చినట్టు చెప్పినావా, ఆయనకు?"

"లేదత్తా."

"నా కొడుక్కి?"

"ఆయనకూ చెప్పలే."

కాంతమ్మ తల ఊపింది. కోడలి మీద ఇంత దాకా లేని ఏదో మెత్తదనం ఆమె మొహంలో ఒకసారి మెదిలింది. వంగి పలకను ముందుకు తోసింది. బరువైన చెక్క. గడప మీద రాసుకుంటూ కాలువ మీదికి వచ్చింది. సగం దాకా వచ్చాక, ఊపిరి కోసం ఆగి అడిగింది.

"రేపు ఇంటికి తోలుకోనొస్తారా?"

వాన అంబిక మొహం మీద పడుతోంది.

ఊ అనొచ్చు. ఈ ఒక్క రాత్రికి ఎవరికీ నష్టం లేదు. పలక ఇవతలికి వస్తుంది, తను దాటుతుంది, ఇద్దరూ కలిసి ఇంత అన్నం తింటారు. రేపటి సంగతి రేపు. కానీ మధ్యాహ్నం ఆ మంచం మీద ఒక ముసలాయన, ఊ అంటే అరుగు దక్కేచోట ఊ అనకుండా మొహం తిప్పుకున్నాడు.

"రాడంట అత్తా," అంది. "నేను ఈ ఇంట్లో ఉండేంతవరకూ గడప తొక్కనన్నాడు."

పలక ఆగిపోయింది.

అవతల కాంతమ్మ, ఇవతల అంబిక. మధ్యలో సగం దాకా వచ్చి, గాలిలో నిలిచిన చెక్క. కాంతమ్మ రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. ముందుకు తొయ్యడం లేదు, వెనక్కి లాక్కోవడం లేదు. కోడలి మొహంలోకే చూస్తోంది.

"మళ్లీ చెప్పు," అంది కాంతమ్మ. "ఆయన అన్నాడా? ఆ మాట ఆయనే అన్నాడా?"